మూగ డబ్బాలో రాణి పెండ్లి

సూరత్‌లో లింబాయత్ వైపు తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే గల్లీలో ఆగయ్యను వెనక నుంచి పిలిచి లాభం లేదు. ముందుకు వెళ్లి, ముఖం చూపించి, అప్పుడు నోరు విప్పాలి. ఆయన చెవులు జబ్బు చేసి పోయినవి కావు. మీసాలు రాని వయసులో సిరిసిల్ల పక్క పల్లె నుంచి వచ్చి సాంచెల ఖాతాలో చేరాడు. సాంచె అంటే మరమగ్గం, ఖాతా అంటే అవి నడిచే షెడ్డు. ఒకే కప్పు కింద వరుసల కొద్దీ సాంచెలు టకటకలాడుతుంటే ఆ చప్పుడు చెవిలో చెదలా చేరి ఏటికింత తినేసింది. చివరికి మిగిలింది ఒక హోరు.

"నీకేం ఫికరు, ఎవలు తిట్టినా సముద్రమే వినవడ్తది" అంటుంది భార్య సారక్క. అదీ ఎదురుగా నిలబడే అంటుంది. తిట్టు చేరాలి కదా.

చెవులు పోయినా ఆగయ్యకు మాట కరువు మాత్రం లేదు. ఖాతాలో ఎవడి కేకా ఎవడికీ వినపడదు కాబట్టి అక్కడ కేకలు వేసేవాళ్లే ఉండరు. మాటను గొంతులోంచి తియ్యకుండా పెదవుల మీద పెడతారు, అవతలివాడు కళ్లతో ఏరుకుంటాడు. దారం తెగిందని, కండెలో నూలు అయిపోయిందని, సేఠ్ వస్తున్నాడని, వచ్చిన సేఠ్ ఎలాంటివాడని, అన్నీ ఆ సేఠ్ ముందే అలా నడిచిపోతాయి. అందులో ఆగయ్య ఆరితేరాడు. గల్లీ ఈ చివర అరుగు మీద కూర్చుని ఆ చివర పంపు దగ్గర ఆడవాళ్లు ఏం చెప్పుకుంటున్నారో సారక్కకు చెప్పేవాడు. సారక్క దగ్గరికి చేరిన పిడికెడు మాట సాయంత్రానికి గంపెడయ్యేది. ఆ గల్లీలో గుట్టు దాగేది కాదు.

ఈ విద్య ఆయన దగ్గర నేర్చుకున్నది ఒక్కతే, మేనగోడలు పద్మారాణి. ఆగయ్య చెల్లెలు తిరుమల, ఆమె మొగుడు పక్క గదిలోనే కాపురం ఉండేవాళ్లు. ఆగయ్యకు పిల్లలు లేరు, రాణి రెండిళ్లలోనూ పెరిగింది. బడి లేని రోజుల్లో మామకు సద్దిగిన్నె తెచ్చేది ఆ పిల్లే. ఖాతా లోపలికి పిల్లల్ని రానివ్వరు, గడప దగ్గరే నిలబడేది. ఆగయ్య సాంచెల వెనక నుంచి పెదవులు కదిపి అడిగేవాడు.

"ఏం కూర?"

"తోటకూర" అనేది పిల్ల, గొంతు లేకుండా.

సారక్కకు తోటకూర మీద అంత ప్రేమ లేదు, వెనక మోరీ కాలువ పక్కన డబ్బాల్లో అది ఊరికే మొలుస్తుంది, అంతే సంగతి. ఆగయ్య వేపాకు నమిలినట్టు ముఖం పెట్టేవాడు. పిల్ల పడీ పడీ నవ్వేది. ఒక్కోనాడు గిన్నెలో వంకాయ ఉన్నా తోటకూర అనేది, ఆ ముఖం చూడటానికి. ఆదివారం డుమస్ సముద్రానికి పోతే మిగతావాళ్లంతా అలల హోరులో గొంతులు చించుకుంటుంటే వీళ్లిద్దరూ హాయిగా కబుర్లాడుకునేవాళ్లు. ఇంకో ప్లేటు టమాటా భజియా తినాలని సారక్క ఎదురుగానే, సారక్కకు తెలియకుండా కుట్ర పన్నేవాళ్లు.

అలాంటి మనిషి మీద కరోనా వచ్చి పడింది. ఒంటి మీదకు రాలేదు. వచ్చింది మాట మీదకు.

మొదటి ఏడాది సాంచెలన్నీ ఆగిపోయినప్పుడు తిరుమల వాళ్లు సామాను కట్టుకుని ఊరికి వెళ్లి అక్కడే ఉండిపోయారు. కొన్నాళ్లకు ఖాతా తెరిచారు. తెరిస్తే ఏముంది, ప్రతి ముఖానికీ సగం గుడ్డ కట్టి ఉంది. పెదవులు కనపడవు. ఆగయ్యకు లోకమంతా ఒక్కసారి తలుపులు వేసుకున్నట్టయింది. ఖాతాలో పని చూసే మాస్టరు మాస్కులోంచి ఏదో చెబితే ఒక సాంచెకు బదులు ఇంకోటి ఆపాడు, తిట్లు తిన్నాడు. ఆ తిట్లూ అర్థం కాలేదు. దుకాణంలో, ఆసుపత్రిలో, గల్లీలో ఎవరు ఏమన్నా "ఏమంటున్నరు, ఏమంటున్నరు" అని సారక్క భుజం కుదిపి అడిగేవాడు. అడిగీ అడిగీ ఆయనకే సిగ్గేసింది. అడగడం మానేసి తలూపడం మొదలుపెట్టాడు. ఎవరేం చెప్పినా తలే. ఒకనాడు కూరగాయల బండివాడు ఏదో అంటే తలూపి నాలుగు కిలోల సొరకాయలు ఇంటికి తెచ్చాడు.

ముఖాలు విప్పుకుని మాట్లాడేవాళ్లు ఒక్క టీవీలోనే మిగిలారు. కేబులువాడు తెలుగు చానళ్లు ఇవ్వడు. అందుకని సారక్క ఉధ్నా దర్వాజా దగ్గర దుకాణంలో బేరమాడి, టీవీకి తగిలించే నల్లటి డబ్బా ఒకటి కొంది. ఇంటర్నెట్టుతో నడుస్తుంది. తెలుగు వార్తలు వచ్చాయి, సినిమాలు వచ్చాయి. ఆగయ్య దాని ముందు కూర్చుంటే లేచేవాడు కాదు. సారక్క సౌండు తీసేసి చీరలకు మిగిలిన దారాలు కత్తిరించే తన పని చేసుకునేది. గంపెడు పోగు ముందు పెట్టుకుని, ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషించేది. అంతలోనే ఆయన వంక చూసి దిగులుపడేది.

రెండో ఏడు వేసవిలో రాణికి సంబంధం కుదిరింది. వేములవాడ పిల్లవాడు, మంచివాళ్లు. ముహూర్తం పెట్టాక జబ్బు మళ్లీ విరుచుకుపడింది. అక్కడ లాక్‌డౌన్ అన్నారు, పెండ్లికి నలభై మందికి మించకూడదన్నారు. "అన్నా, మీరు రావద్దు, తొవ్వల ఏమన్న అయితే నేను బతకను" అని తిరుమల ఫోన్లో ఏడ్చింది.

ఆ మాట సారక్క పెదవుల మీద చదివి ఆగయ్య గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పెండ్లిపిల్లను గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకొచ్చేది మేనమామ. ఆ ఒక్క పని కోసం ఆయన ఇరవై రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. పిల్ల బరువు పెరిగినప్పుడల్లా "జర తక్కువ తిను బిడ్డా, నా నడుము సంగతి సూడు" అని ఎగతాళి కూడా చేసేవాడు.

రాణి వీడియో కాల్ చేసింది. ఈమధ్య ఆగయ్య కళ్లలో శుక్లం పొర మొదలైంది, దగ్గరివి మరీ మసక. ఆపరేషను కరోనా తగ్గాక అన్నారు. చిన్న ఫోన్లో పెదవులు నువ్వుగింజంత కనపడతాయి, చదవలేడు. సారక్కే మధ్యన కూర్చుని అటు విని ఇటు చెప్పింది.

"గంప కమలాకర్ చిన్నాయన ఎత్తుతడట" అంది రాణి. "ఎత్తనియ్యి. గని మామ చెప్పేదాక నేను గంపను లేవనియ్య."

"ఫోన్ల చెప్త తియ్యి బిడ్డా" అన్నాడు ఆగయ్య.

"గట్ల కాదు. పెండ్లి ఫోన్లల్ల, టీవీలల్ల లైవ్ వస్తది. నేను గంపల కూసొని కెమెరా దిక్కు సూసి మన ఖాతా మాటల ఒకటి అడుగుత. ఏమడుగుతనో అమ్మకు చెప్పను, అత్తకు చెప్పను. మామ చదివి జవాబియ్యాలె. అప్పుడే లేస్త."

"గదేం మొండితనమే" అంది సారక్క.

"అత్తా, నువ్వే కదా చెప్పినవు, మామ అన్నిటికి తలూపుతున్నడని. నా పెండ్లికి కూడ తలూపుకుంట కూసుంటడా?"

ఆ చివరి మాట సారక్క ఆగయ్యకు చెప్పకుండా మింగుదామనుకుంది. కానీ ఆమె కడుపులో మాట ఆగితే కదా. చెప్పింది. ఆగయ్య తలూపబోయి ఆపుకున్నాడు.

"సరే. పెద్ద టీవీల సూస్త. చదువుత" అన్నాడు.

ఇక అక్కణ్నుంచి మొదలైంది పాట్లు పడటం. ఊళ్లో ఫోటోలు తీసే పరమేశ్వర్ లైవ్ ఇచ్చేది 'మనపందిరి' అనే యాప్‌లో. సారక్క రిమోట్ మైకు నోటి దగ్గర పెట్టుకుని, దేవుడికి మొక్కు చెప్పినట్టు నిదానంగా "మనపందిరి" అంది. డబ్బా ఆలోచించి పందిరి మీద బీరపాదు పాకించే పద్ధతి చూపించింది. మళ్లీ అంది. ఈసారి చిక్కుడు చూపించింది. అక్షరం అక్షరం కొట్టి వెతికినా డబ్బాలోని యాప్‌ల దుకాణంలో ఆ పేరే లేదు. పరమేశ్వర్‌కు ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, అది ఫోన్లకే ఉన్నది. టీవీలల్ల కొన్నిట్ల వస్తది, కొన్నిట్ల రాదు" అన్నాడతను.

"మరి అందరు సూసే దాంట్ల పెట్టరాదా కొడుకా?"

"పెడితే పెండ్లిల పాట మోగంగనే వీడియో కట్ చేస్తున్నరు పెద్దమ్మా. పాటలోళ్లు ఒప్పుకోరట. పోయిన పెండ్లిల సరిగ్గ పుస్తె కట్టేటప్పుడు బందయ్యింది, పిల్ల తండ్రి నన్ను కొట్టవచ్చిండు."

డబ్బా కంపెనీ నంబరుకు చేసింది. ఒకటి నొక్కు, తొమ్మిది నొక్కు అని నొక్కించాక ఒక ఆడపిల్ల వచ్చి, ఆ యాప్ ఈ డివైస్ మీద ఉపలబ్ధ్ నహీ హై, అంటే దొరకదు, అంది.

"నహీ హై తో కబ్ హోగా బేటీ?"

"జల్దీ హోగా ఆంటీ."

"జల్దీ అంటే ఎప్పుడు, పిల్ల పెండ్లికా, పిల్ల పురుడుకా?" అంది సారక్క. అవతలి పిల్లకు తెలుగు రాదు, థాంక్యూ చెప్పి పెట్టేసింది. ఆ పిల్ల ఏ ఊరిదో, జీతమెంతో అడగలేదే అని సారక్క తర్వాత బాధపడింది.

ఉధ్నా రైల్వే క్వార్టర్లలో ఇందుజ ఉంటుంది. మొగుడు ఫణికుమార్‌కు రైల్వేలో ఉద్యోగం, కాకినాడ వైపు మనుషులు. చీరలకు ఫాల్స్ కుట్టించుకునే దగ్గర సారక్కతో స్నేహం కుదిరింది. వాళ్లింట్లో గోడంత టీవీ ఉంది, దానికి డబ్బా అక్కర్లేదు, అన్నీ లోపలే. సారక్క గుమ్మం బయట స్టూలు మీద కూర్చుంది, ఇందుజ లోపల వెతికింది.

"సారక్కగారూ, ఇందులో కసరత్తులకి పది యాప్‌లున్నాయి. కుక్కలు ఒంటరిగా ఉంటే చూడ్డానికి ఒకటుంది. మీ పెళ్లి యాప్ మాత్రం లేదండీ."

"కుక్కలకున్నది మనుషులకు లేదా అమ్మా?"

"ఒక్కో టీవీకి ఒక్కో కొట్టు ఉంటుందట. ఆ కొట్లో సరుకు ఈ కొట్లో పెట్టరు."

ఇంటికొచ్చి ఇదంతా చెబితే ఆగయ్యకు నమ్మకం కుదరలేదు. "ఏ సాంచె మీదనన్న దారం దారమే కదనే. గుడ్డ నేస్తది కదా" అన్నాడు.

"నన్నడుగుతవేంది? తీగ ఒకటే, టీవీ ఒకటే, గాలిల వచ్చేది ఒకటే. ఒకల దుకాణంల ఉన్నది ఒకల దుకాణంల లేకపాయె. పూలు అమ్మిన కాడ కట్టెలు కూడ దొరుకుతలెవ్వు."

ముహూర్తం దగ్గరపడింది. ఆగయ్యకు అన్నం సయించడం లేదు. సారక్క చివరికి కరెంటు పని చేసే బ్రహ్మచారిని పిలిచింది. పేరుకు బ్రహ్మచారి, ముగ్గురు పిల్లల తండ్రి. అతను పెన్‌డ్రైవులో యాప్‌ను ఎక్కడినుంచో పట్టుకొచ్చి డబ్బాలో బలవంతంగా ఎక్కించాడు. తెర మీద పందిరి బొమ్మ వచ్చింది. నొక్కితే తెరుచుకుని, కన్నుకొట్టినట్టు మూసుకుపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే.

బ్రహ్మచారి ఏదో చెప్పాడు. ఆగయ్య అతని మాస్కు వంక చూస్తూ నిలబడ్డాడు. అతను పాపం అర్థం చేసుకుని మాస్కు కిందికి లాగాడు. సారక్క చీరల పోగులోంచి ఒక మడత విసిరింది. "పైకి పెట్టు ముందు. మాట్లాడాలంటే బయటికి పోయి మాట్లాడు." అతను గల్లీలోకి వెళ్లి, అవతలి గోడకు ఆనుకుని, మాస్కు దించి నోరు కదిపాడు.

"ఆగన్నా, ఈ డబ్బా దాన్ని ఒప్పుకుంటలేదు. నా ఫోన్ల యాప్ పెట్టి, ఫోన్ బొమ్మను టీవీ మీదికి ఎక్కిస్త. ఫోన్ల ఏం కనవడ్తె టీవీల గదే కనవడ్తది."

గల్లీ అవతల నుంచి ఆ మాట మొత్తం ఆగయ్యకు అందింది. చాలా కాలానికి సారక్క సాయం లేకుండా అందిన మాట అది. ఆయన ముఖం విప్పారింది.

ముందురోజు అంతా సరిచూసుకున్నారు. లైవ్ ఇంకా లేదు కాబట్టి ఫోన్లో ఉన్న రాణి ఫోటోను టీవీకి ఎక్కించారు. టీవీ నిండా రాణి నవ్వింది. పెదవి మీది పుట్టుమచ్చ కూడా కనపడింది. సారక్క బ్రహ్మచారికి చాయ్ పోసింది. ఫోటోకు నోరుండదన్న సంగతి ఆ ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

పెండ్లినాడు పొద్దున్నే సారక్క తలంటుకుని, పట్టుచీర కట్టి, ఇంటి గడపకు పసుపు రాసింది. అక్కడితో ఆగితే సారక్క ఎందుకవుతుంది. పెండ్లి టీవీలో కదా జరిగేది, మరి పందిరి టీవీయే. దానికి మామిడాకుల తోరణం కట్టింది. చుట్టూ పసుపు రాసి బొట్లు పెట్టింది. దసరాకు సాంచెకు పెట్టినట్టే నల్లడబ్బాకు కూడా ముఖం మీద దండిగా పసుపు పూసి, కుంకుమ అద్దింది. దూరం దూరంగా కూర్చోమని చెప్పి గల్లీలో నలుగురిని పిలిచింది. టీవీని తలుపుకు ఎదురుగా తిప్పారు. ఇందుజ కూడా మంచి చీర కట్టుకుని వచ్చి, గడప బయట కుర్చీ వేసుకుంది.

బ్రహ్మచారి వచ్చి రిమోట్ నొక్కాడు. డబ్బా పలకలేదు. బ్యాటరీలు మార్చాడు. పక్కింటి రిమోట్ బ్యాటరీలు తెప్పించాడు. డబ్బా ఆపి మళ్లీ వేశాడు. ఆగయ్య చేతులు పిసుక్కుంటూ గోడ గడియారాన్నీ టీవీనీ చూస్తున్నాడు. చివరికి బ్రహ్మచారి డబ్బాను కళ్ల దగ్గరికి తెచ్చుకుని సారక్క వంక తిరిగాడు.

"అక్కా, రిమోట్ మాట వినే కన్ను ఇక్కడుంటది. నువ్వు దాని మీదనే బొట్టు పెట్టినవు."

"ముఖాన పెట్టక వీపుకు పెడ్తరా ఎవలన్న?" అంది సారక్క. కానీ తడిగుడ్డ తెచ్చి తుడిచింది.

బొమ్మ వచ్చేసరికి పెండ్లి సగం దూరం పోయింది. పందిరి, అరటి గెలలు, పంతులు, చుట్టాలు, అందరి మాస్కులూ గడ్డాల కింద వేలాడుతున్నాయి. బయట కూర్చున్నవాళ్లు సంబరపడ్డారు. ఒక నిమిషానికి ఆ సంబరం చప్పబడింది. సన్నాయివాడి బుగ్గలు ఉబ్బుతున్నాయి, చప్పుడు లేదు. పంతులు నోరు ఆడుతోంది, మంత్రం లేదు. బ్రహ్మచారి సౌండు పెంచాడు, వైరు కదిపాడు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఫోన్లో పలుకు టీవీకి పోయింది, టీవీ పలకనంది. రెండూ మూగవయ్యాయి. మొదటి నుంచి సరిచెయ్యాలంటే బొమ్మ కూడా పోతుంది, ఇక సమయం లేదు.

"అయ్యో, మూగ పెళ్లి అయిపోయిందండీ" అంది ఇందుజ. పక్కనున్నవాళ్లు ఉసూరుమన్నారు. సారక్క నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

అప్పుడు ఆగయ్య నవ్వాడు. పెదవి బిగబట్టి కాదు, భుజాలు కదిలేట్టు నవ్వాడు. సారక్క ఆయన ముందుకు వచ్చి "ఏమైంది, ఎందుకు నవ్వుతున్నవు?" అంది.

"అగో, ఎర్ర అంచు చీరామె. పప్పుల ఉప్పు లేదంటున్నది. పక్కామె ఏమంటున్నదంటే, ఉప్పు కూడ నలభై మందికే పోసిన్రేమో అంటున్నది."

సారక్క తెర వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసింది. గల్లీ మొత్తం కుర్చీలు ముందుకు జరుపుకుంది.

"ఇంకేమంటున్నరు?" అంది సారక్క.

"తెల్ల అంగీ ముసలాయన సూరతోళ్లు రాలేదా అని అడుగుతున్నడు. టీవీల సూస్తున్నరట అంటున్నది పక్కనామె. గట్లనా, మరి జర మంచిగ కూసొండ్రి అంటున్నడు."

నిజంగానే తెరలో ముసలాయన నడుము నిటారుగా పెట్టి, కెమెరా వైపు తిరిగి, పళ్లు లేని నోటితో నవ్వాడు. గల్లీలో నవ్వులు పొంగాయి. ఆ నవ్వులు ఆగయ్యకు వినపడలేదు, కళ్లలో కనపడ్డాయి. మాస్కుల పైన కళ్లన్నీ ఆయన మీదే ఉన్నాయి.

సారక్కకు మాత్రం అనుమానం తీరలేదు. తన ఫోన్లో తిరుమలకు చేసి స్పీకరు పెట్టింది. "తిరుమలా, పప్పుల ఉప్పు తక్కువైందట కదా?"

"నీకెవలు చెప్పిన్రు వదినె?" అంది తిరుమల, గుండె ఆగినంత పనయి. "ఇప్పుడే పోయిస్తున్న."

అప్పటికి ఎవరికీ ఏ అనుమానమూ లేకపోయింది. ఇందుజ వేలు చూపించి అడుగుతుంది, పక్కింటామె చేత్తో సైగ చేస్తుంది, బ్రహ్మచారి మోకాలు తట్టి తెర చూపిస్తాడు. అందరిదీ ఒకటే ప్రశ్న. ఏమంటున్నరు, ఏమంటున్నరు. ఏడాది పాటు ఆ ప్రశ్న ఆగయ్యది. ఇవాళ ఆయన తొడ మీద చెయ్యి వేసుకుని, పెండ్లి పెద్దలా, ఒక్కొక్కరి నోట్లోంచి మాట తీసి గల్లీకి పంచుతున్నాడు.

ఇంతలో తెరలో గంప వచ్చింది. పసుపు రాసిన కొత్త వెదురు గంపలో రాణి, నుదుట బాసింగం, చేతిలో కొబ్బరికాయ. కమలాకర్, ఇంకో ఇద్దరు గంప అంచులు పట్టుకున్నారు. రాణి చెయ్యెత్తి వాళ్లను ఆపింది. కెమెరా వైపు తిరిగింది. పరమేశ్వర్ దగ్గరికి వచ్చినట్టున్నాడు, ముఖం తెరంతా నిండింది. ఆగయ్య మోకాళ్ల మీద ముందుకు జరిగాడు. రాణి పెదవులు విడివడ్డాయి.

బొమ్మ ఆగిపోయింది. సగం తెరిచిన నోటి మీద ఒక సున్నా గిరగిర తిరిగింది. తిరిగీ తిరిగీ ఆగేసరికి రాణి పెదవులు మూసుకుని ఎదురుచూస్తోంది.

ఫోన్లో తిరుమల గొంతు గాభరాగా వచ్చింది. "వదినె, అడిగింది కదా. అన్న చెప్తలేడేంది? ముహూర్తం పోతదని అయ్యగారు గరమైతున్నడు. ఊ అనుమను, సరిపోతది."

సారక్క ఆయన గడ్డం తన వైపు తిప్పుకుంది. "ఊ అను. పిల్ల తర్వాత ఏమన్న అనుకోనియ్యి. ముహూర్తం దాటుతున్నది, ఊ అను సాలు."

ఆగయ్య తల ఊగబోయింది. అలవాటు అది. ఏడాదిగా మెడకు పట్టిన అలవాటు. సగంలో మెడ బిగిసి ఆగింది. ఆయన ఫోన్‌ను తన ముందుకు లాక్కుని, చెవిటివాళ్లు మాట్లాడేంత గట్టిగా అన్నాడు.

"నాకు అర్థం కాలే. మళ్లొక్కసారి చెప్పు బిడ్డా."

తెరలో పంతులు చెయ్యి విసురుతున్నాడు. కమలాకర్ నడుము నొప్పిగా ఉన్నట్టు వంగి నిలబడ్డాడు. రాణి ఆ కేక విన్నట్టుంది, ఆమె కళ్లలో నీళ్లు నిలిచాయి. ఈసారి తొందరపడలేదు. కొబ్బరికాయ ఒడిలో పెట్టుకుని, ఖాతా గడప దగ్గర నిలబడ్డప్పటిలాగే గడ్డం కొంచెం పైకెత్తి, పెదవులు నిదానంగా కదిపింది. బొమ్మ ఆగలేదు.

ఆగయ్య చదివాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏమన్నది? ఏమడిగింది?" అని సారక్క చెయ్యి గుంజింది. ఆయన ఆమెకు చెప్పలేదు. ఫోన్‌లోకి అరిచాడు.

"తోటకూర."

గల్లీ తెల్లబోయింది. సిరిసిల్ల పక్క పల్లెలో నలభై మంది కూడా తెల్లబోయి ఉంటారు, ఎందుకంటే స్పీకర్‌లో తిరుమల "ఏందన్నా, ఏం కూర, ఇప్పుడు కూరేంది" అని తడబడింది. లైవ్ కొంచెం ఆలస్యంగా వస్తుంది. ఆయన కేక ముందు చేరింది, జవాబు వెనక వచ్చింది. తెరలో రాణి ముఖం మొదట వేపాకు నమిలినట్టు ముడుచుకుంది. మేనమామ ముఖమే, అచ్చం. తర్వాత ఆ ముడతలు ఒక్కొక్కటిగా విప్పుకుని, బాసింగం జారేంత నవ్వు వచ్చింది. ఆమె కమలాకర్ వైపు తిరిగి తలూపింది. గంప లేచింది.

ఆగయ్య కూర్చున్నచోటే రెండు చేతులూ ముందుకు చాచాడు, గంప అంచు పట్టుకున్నట్టు. గంప పందిట్లోకి చేరేదాకా దించలేదు. పుస్తె కట్టేటప్పుడు గల్లీలో ఉన్నవాళ్లంతా టీవీ మీద అక్షింతలు వేశారు. డబ్బా కంటి మీద పడిన వాటిని బ్రహ్మచారి వెంటనే ఊడ్చేశాడు.

"ఏం కూర అని అడిగిందా పిల్ల? గంత మంది ముంగట?" అంది సారక్క, అంతా అయ్యాక.

"ఊ."

"నేనెప్పుడు తోటకూరే పెట్టిన్నా మీకు?"

ఆగయ్య తలూపాడు. ఈసారి అర్థమయ్యే ఊపాడు.

తర్వాత కొన్నాళ్లకు 'మనపందిరి' టీవీలకు వచ్చిందని పరమేశ్వర్ ఫోన్ చేశాడు. వచ్చింది ఇందుజ టీవీకి. వీళ్ల డబ్బాకు ఇంకా రాలేదు, జల్దీ వస్తుందట. సారక్క కంపెనీ పిల్లకు మళ్లీ ఫోన్ చేసి, ఈసారి జీతంతో సహా అన్నీ అడిగి తెలుసుకుంది. కళ్ల ఆపరేషనుకు ఆసుపత్రివాళ్లు తారీఖు ఇచ్చారు.

సారక్క కుట్టుమిషను ముందు కూర్చుని ఇంకో పని కూడా చేసింది. చీరలు మడిచి పెట్టే పల్చటి ప్లాస్టిక్ కవర్లు సూరత్‌లో వీధికొక గుట్ట దొరుకుతాయి. మాస్కు గుడ్డలో నోరున్నంత మేర కత్తిరించి, ఆ కవరు ముక్క వేసి కుట్టింది. మొదటిది బ్రహ్మచారికి ఇచ్చింది, రెండోది ఖాతా మాస్టరుకు పంపింది, మూడోది ఇందుజకు. మాట్లాడితే లోపల ఆవిరి పట్టి పెదవులు మసకబారతాయి. అప్పుడు ఆగయ్య ఇదివరకటిలా తలూపి ఊరుకోడు. చెయ్యెత్తి ఆపుతాడు.

"జర తుడువు," అంటాడు, "మళ్ల చెప్పు."